మేడ మీద బడి: ఈ నెల మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి. పిల్లాడో పిల్లో మహా చురుకు, బడిలో చెప్పేది చాలడం లేదు, బొమ్మలూ వేస్తానంటారు, మోటార్లూ కావాలంటారు, ఏం చేయించాలి అని. అందుకని వంటింటి ఫిజిక్స్ ప్రశ్నల్ని వచ్చే నెలకి నెట్టేసి ఇవే తీసుకున్నాను. కొత్త పాఠకులకి నా గురించి ఒక్క ముక్క. 31 ఏళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పెదవాల్తేరులో మా మేడ మీద రేకుల షెడ్డు ఉంది. ఆదివారం పొద్దున్నే పదిమంది దాకా పిల్లలు వస్తారు. ఫీజు లేదు. సర్టిఫికెట్టూ లేదు. ఆ రెండో మాట విన్నాక కొందరు తల్లిదండ్రులు మళ్ళీ మా మెట్లెక్కరు.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. ఎందులో చూసినా ఫస్టే. పుట్టినరోజుకి ఆరు వేలు పెట్టి రోబో కిట్టు కొన్నాం. రెండు రోజుల్లో బిగించేశాడు, మూడో రోజుకి అది అటకెక్కింది. ఇప్పుడు ఇంకా పెద్దది కొనమంటున్నాడు. రోబోటిక్స్ కోచింగులో చేర్పించాలా? వాడి తెలివి వృథా అయిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది మేడమ్.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: పెద్ద కిట్టు కొనకండమ్మా. కోచింగూ ఇప్పుడే వద్దు. కిట్టులో ఏ మర ఏ చిల్లులోకి వెళ్ళాలో కాగితం మీద అచ్చేసి ఉంటుంది. చదవడం వచ్చినవాడు బిగించేస్తాడు. మీవాడికి చదవడం వచ్చని మీకు ముందే తెలుసు, దానికి ఆరు వేలెందుకు? ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళకి చేతకానిది ఒక్కటే, చెడగొట్టుకోవడం. ఏ పనైనా మొదటిసారే కుదరాలి, లేకపోతే అటకెక్కాలి.

తోలుబొమ్మ చేయమనండి. సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు మేకతోలుని వెలుగు దాటేంత పల్చన చేసి, రంగులద్ది, చిల్లులు కొట్టి చేస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మీకు తోలు అక్కర్లేదు, మందపాటి డ్రాయింగ్ షీటు చాలు. రంగు వేసి, ఆరాక వెనకవైపు కొబ్బరినూనె రాయాలి. కాగితం పీచుల మధ్య గాలి ఉన్నచోటల్లా నూనె చేరి వెలుగు దాటుతుంది. పకోడీల పొట్లం మీద మరక చూశారు కదా, అదే సంగతి.

తెరకి పాత తెల్ల పంచె కట్టండి. మొదటి దెబ్బ దీపం దగ్గర తగులుతుంది. ట్యూబులైటు పెడితే నీడ అలుక్కుపోతుంది. ఒక్క చిన్న ఎల్‌ఈడీ పెడితే కత్తితో కోసినట్టు పడుతుంది. ఎందుకో మీకు తెలిసినా చెప్పకండి, వాణ్ణే తన్నుకోనివ్వండి. తర్వాత ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి, ఆకుపచ్చది ఒకటి జానెడు ఎడంగా పెట్టి రెండూ వెలిగించమనండి. రెండు వెలుగులూ కలిసిన చోట తెర పసుపు రంగుకి తిరుగుతుంది. బొమ్మకి రెండు నీడలొస్తాయి. ఎర్ర దీపానికి అడ్డొచ్చిన నీడ ఆకుపచ్చగా ఉంటుంది, ఆకుపచ్చ దీపానికి అడ్డొచ్చింది ఎర్రగా ఉంటుంది. అది మొదటిసారి చూసి 'అదేంటి మేడమ్!' అనని పిల్ల మా షెడ్డులో ఇంతవరకూ లేదు.

ఇప్పుడు అటక మీది కిట్టు దింపండి. అందులో అగ్గిపెట్టెకన్నా చిన్న సర్వో మోటారు, అంటే చెప్పిన డిగ్రీ దాకా తిరిగి ఆగేది, ఉండే ఉంటుంది. దాంతో బొమ్మ చెయ్యి లేపాలి. ప్రోగ్రాములో 0 నుంచి 90 డిగ్రీలకి వెళ్ళమంటే చెయ్యి టక్కున లేస్తుంది. మన చెయ్యి అలా లేవదు. మెల్లగా కదిలి, మధ్యలో వేగం అందుకుని, చివర్లో మళ్ళీ నెమ్మదిస్తుంది. మా షెడ్డులో ఎనిమిదో తరగతి కుర్రాడొకడు హనుమంతుడి చేత దణ్ణం పెట్టించడానికి ఐదు ఆదివారాలు తీసుకున్నాడు. మొదటివారం హనుమంతుడు ఎదురుగా ఉన్న రాముణ్ణి చెంపమీద కొట్టినట్టు వచ్చింది. షెడ్డంతా నవ్వులు. వాడు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు, ఇక రాడనుకున్నాను. రెండోవారం వచ్చి మా ఇంటి అద్దం ముందు నిలబడి తన చెయ్యి తానే లేపుకుంటూ, ఇక్కడ రెండేసి డిగ్రీలు, ఇక్కడ ఆరేసి డిగ్రీలు అని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మూడోవారం కాగితం చెయ్యి భుజం దగ్గర చిరిగింది. నాలుగోవారం దారం ముడి బిగుసుకుపోయింది. ఐదోవారం ఆ చెయ్యి లేచిన తీరు చూసి కింద వాటాలో ఉండే మామ్మగారు తనూ దణ్ణం పెట్టేశారు.

మోటారు వదిలేస్తే ఖర్చు రెండు వందలు దాటలేదు. ఒక్క మాట. మీవాడి బొమ్మ చిరిగినప్పుడు టేపు పట్టుకుని మీరు పరిగెత్తకండి.

ప్రశ్న: నాకు ముగ్గులంటే పిచ్చి టీచర్. సంక్రాంతికి మా వీధిలో నా ముగ్గు దగ్గరే జనం ఆగుతారు. కంప్యూటర్లో పైథాన్ భాషతో ప్రోగ్రాములు రాయడం కూడా అంతే ఇష్టం. మా నాన్నగారేమో "టెన్త్ దగ్గర పడుతోంది, రెండిట్లో ఒకటి వదిలెయ్" అంటున్నారు. ఏది వదలను?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, మధురవాడ

జవాబు: నాన్నగారికి ఈ పేజీ చూపిద్దువుగాని తల్లీ. ముందు బియ్యప్పిండి తీసుకుని గుమ్మంలోకి రా.

మూడు వరసలు పెట్టు, వరసకి నాలుగు చుక్కలు. చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా గీత లాగు. అంచుకి రాగానే క్యారమ్ బోర్డులో కాయిన్ చెక్కకి తగిలి మళ్ళినట్టు చివరి చుక్కని చుట్టి మళ్ళాలి. మామూలు మెలికల ముగ్గే. ఎక్కడా తెగకుండా వేసుకుంటూ పోతే అన్ని చుక్కల్నీ చుట్టబెట్టి మొదలెట్టిన చోటికే వస్తావు. ఒకటే గీత. ఇప్పుడు పక్కన నాలుగు వరసలు, వరసకి ఆరు చుక్కలు పెట్టు. ఈసారి ముగ్గు సగంలో ఉండగానే గీత మూసుకుపోతుంది, మిగిలినదానికి ఇంకో గీత మొదలెట్టాలి. రెండు గీతలు. 3కి 3 పెడితే మూడు. 5కి 5 పెడితే ఐదు. మరి 6కి 9? వెయ్యకుండానే చెప్పొచ్చు, మూడు. వరసలూ చుక్కలూ ఆ రెండు అంకెల గ.సా.భా., అంటే రెండిటినీ శేషం లేకుండా భాగించే అన్నిటికన్నా పెద్ద అంకె, ఎంతో అన్ని గీతలు. (మీ పుస్తకంలో గ.సా.కా. అని ఉంటుందేమో. మా రోజుల్లో భాజకమే.)

మా అమ్మ ఐదో క్లాసు దాకా చదివింది. నేను సమానంగా చుక్కలు పెడుతుంటే "చదరంగా పెట్టకే, ఒక్క చుట్టులో రాదు, అటు ఒక చుక్క ఎక్కువ పెట్టు" అనేది. పక్కపక్క అంకెల గ.సా.భా. ఎప్పుడూ 1 కదా! ఎమ్మెస్సీ చదివిన దాన్ని, ఆ మాటలో ఉన్న లెక్క నాకు నలభై దాటాక గానీ తట్టలేదు. అప్పటికి చెప్పుకుందామంటే అమ్మ లేదు.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, ఆయనతో పనిచేసినవాళ్ళు 1970ల్లో ఇలాంటి ముగ్గులకి వ్యాకరణం రాశారు. సంధులూ సమాసాలూ కాదులే. ఏ మెలిక పక్కన ఏ మెలిక రావచ్చో యంత్రానికి తెలిసేలా రాసిన సూత్రాలు. కంప్యూటర్ శాస్త్రంలో వాళ్ళ పేపర్లు ఇప్పటికీ లెక్కలోకి వస్తాయి. ఇక నీ పైథాన్‌లో తెర మీద గీతలు గీసే టర్టిల్ ఉంది చూడు, దాని పూర్వీకుడు లోగో అనే భాషలో పుట్టిన తాబేలు. ఆ భాషని 1967లో పిల్లల కోసమే తయారుచేశారు.

నీకు పని చెప్తాను. రెండు అంకెలు అడిగి, ఆ కొలతకి మెలికల ముగ్గు వేసే ప్రోగ్రాం రాయి. ఒక్కో గీతకి ఒక్కో రంగు రావాలి. తిన్నని గీతలు గంటలో వచ్చేస్తాయి. అంచుల్లో మలుపు దగ్గర ఇరుక్కుంటావు, ఎన్ని రోజులో నీ ఓపిక. అది దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. తెర మీద వచ్చిన ముగ్గుని నీ చేత్తో వేసినదాని పక్కన పెట్టి చూడు. తెర మీద గీత ఎక్కడ చూసినా ఒకే మందం, అప్పడాల కర్రతో ఒత్తినట్టు. నీ చేతి ముగ్గులో మలుపు దగ్గర పిండి సన్నబడుతుంది, తిన్నగా పోయేచోట కాస్త ఒత్తుగా పడుతుంది. అలా ఎందుకు పడుతుందో నీ వేళ్ళకి తెలుసు. దాన్ని ప్రోగ్రాంలోకి ఎక్కించాలి. నిజం చెప్పాలంటే మా పిల్లల్లో ఇది పూర్తిగా తెచ్చినవాళ్ళు ఇంకా లేరు.

ఇద్దరబ్బాయిలు మరో దారి పట్టారు. బొమ్మకారుకి సుద్దపొడి సీసా కట్టి మా మేడ మీద ముగ్గు వేయించారు. చక్రాలు గచ్చు మీద జారతాయి కదా, ఒక్కో మలుపుకీ వెంట్రుకవాసి తేడా. చుట్టు పూర్తయ్యేసరికి గీత చివర మొదటి గీతకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది. మా పనమ్మాయి ఆ సందు చూసి రెండు వేళ్ళతో పిండి తీసి కలిపేసింది. వాళ్ళిద్దరికీ ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

నాన్నగారితో రోజుకి అరగంటకి ఒప్పందం చేసుకో. లెక్కల పేపరుకి ఇది అడ్డం రాదని నా పేరు చెప్పు. తొమ్మిది నుంచి పన్నెండు తరగతులవాళ్ళకి 2015 నుంచీ కళా ఉత్సవ్ పోటీలు జరుగుతున్నాయి. మీ బడిలో అడిగి చూడు.

ప్రశ్న: మనవరాలు ఆరో తరగతి. చక్కగా బొమ్మలు వేసేది. ఇప్పుడు ఫోన్లో ఏఐకి చెప్పి వేయిస్తోంది. "తాతయ్యా, ఇది నేనే వేశా" అంటోంది. ఒప్పుకోమంటారా?
– సీతమ్మధార

జవాబు: అన్నయ్యగారూ, దాంతో వాదన పెట్టుకోకండి, ఓడిపోతారు. ఫోను దాని చేతికే ఇచ్చి వీణ బొమ్మ వేయించమనండి. తర్వాత మెట్లు లెక్కపెట్టమనండి. మా షెడ్డుకి ఒకమ్మాయి తెచ్చిన అలాంటి బొమ్మలో 19 మెట్లున్నాయి, అన్నీ సమాన దూరంలో. వీణకి 24 మెట్లు. వాయించే తీగలు నాలుగు, తాళం తీగలు మూడు. పైకి పోయేకొద్దీ మెట్ల మధ్య దూరం తగ్గుతూ పోతుంది, ఎందుకంటే తీగని సగానికి కుదిస్తేనే పై షడ్జమం పలుకుతుంది. అది పన్నెండో మెట్టు. మీకు తెలిసినవాళ్ళింట్లో వీణ ఉంటే టేపు పట్టుకుని తీసుకెళ్ళి కొలిపించండి. ఆ అమ్మాయి కొలిచి వచ్చి, ఏఐ బొమ్మ మీద ఎర్రపెన్నుతో తప్పులు దిద్ది, 'పూర్' అని మార్కు కూడా వేసింది. తర్వాత తనే ఒక వీణ గీసింది. దండి కొంచెం వంకర పోయింది గానీ మెట్లన్నీ ఉన్నాయి.

ప్రశ్న: బడి మేడ మీద నీడ గడియారం చేశాను. గంటల గీతల దగ్గర మత్స్యకారుల పడవలు పెయింట్ చేశాను. ఫిబ్రవరిలో ఎగ్జిబిషన్‌కి వచ్చిన జడ్జి తన వాచీ చూసుకుని "11 నిమిషాలు వెనక ఉంది, తప్పు" అని పక్కన పెట్టేశారు. ఎక్కడ పొరపాటు చేశాను మేడమ్?
– పదో తరగతి విద్యార్థి, అక్కయ్యపాలెం

జవాబు: ఎక్కడా చెయ్యలేదు నాయనా. నీ గడియారం రైటు. ఈ ఉత్తరం చదివాక ఆ రోజు నాకు కాఫీ కూడా సయించలేదు.

లెక్క చూడు. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశం దగ్గరిది. విశాఖ 83.3 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనం 3 నిమిషాల పైచిలుకు ముందున్నాం. కానీ భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి గుండ్రంగా లేదు, పైగా దాని ఇరుసు ఒరిగి ఉంది. అందువల్ల సూర్యుడు ఏడాదంతా ఒకే టైముకి నడినెత్తికి రాడు. ఫిబ్రవరి నడుమ నీడ గడియారం 14 నిమిషాలు వెనకబడుతుంది. అందులోంచి మన 3 తీసెయ్. 11! జడ్జిగారి వాచీ నీ పని ఎంత కచ్చితంగా ఉందో చెప్పింది, ఆయనకి వినపడలేదంతే. నవంబరు మొదట్లో చూస్తే అదే గడియారం దాదాపు 20 నిమిషాలు ముందుంటుంది.

నీ పొరపాటు ఒక్కటే, ఆ సంగతి గడియారం పక్కన రాయలేదు. ఏడాది పొడవునా ఆ తేడాని గ్రాఫు గీస్తే రెండు ఎత్తులూ రెండు పల్లాలూ ఉన్న అల వస్తుంది. నీ పడవల కింద సముద్రం ఖాళీగానే ఉంది కదా? అక్కడ ఆ అల గియ్యి, కింద నెలల పేర్లు రాయి. చూసేవాళ్ళు ఆ నెల దగ్గర అల ఎత్తు చూసుకుని నిమిషాలు కలుపుకుంటారో తీసేసుకుంటారో.

ఇంతకీ ఉత్తరం దిక్కు ఎలా పట్టావో రాయలేదు. నేను మొదటిసారి మా మేడ మీద చేసినప్పుడు ఫోన్లో దిక్సూచి చూసి గీత గీశాను. స్లాబులో ఇనప చువ్వలుంటాయన్న ఇంగితం ఫిజిక్స్ టీచరుకి ఉండాలి కదా, లేకపోయింది. రెండడుగులు జరిగితే ముల్లు ఇంకోలా చూపించేది. పెయింటు మొత్తం గీకి మళ్ళీ వేశాను. పాత పద్ధతే మేలు. నిటారుగా కర్ర పాతి, దాని చుట్టూ వృత్తం గీసి, పొద్దున నీడ కొస వృత్తాన్ని ఎక్కడ తాకిందో, మధ్యాహ్నం తర్వాత మళ్ళీ ఎక్కడ తాకిందో గుర్తు పెట్టు. ఆ రెండు గుర్తుల్నీ కలిపితే తూర్పు పడమరలు. వాటికి అడ్డంగా ఉత్తరం. నీడ పడేసే పలక ఉత్తరం వైపు 17.7 డిగ్రీలు లేచి ఉండాలి, అది మన అక్షాంశం. అన్నవరం వెళ్ళినప్పుడు కొండ మీద నీడ గడియారం ఉంటుంది, దర్శనం హడావుడిలో దాటిపోకు.

ఇంకోటి. మే రెండో వారంలో, ఆగస్టు మొదటి వారంలో మన ఊళ్ళో ఒక్కోరోజు మిట్టమధ్యాహ్నం నిటారు కర్రకి నీడే పడదు. ఈసారి ఎగ్జిబిషన్ మేలో పెట్టమని అడగలేం గానీ, ఫొటో తీసి పెట్టుకో.

ప్రశ్న: నేను డ్రాయింగ్ మాస్టర్ని. మా బడిలో పిల్లలు తమ చేతుల్తో పరికరాలు చేసుకునే టింకరింగ్ ల్యాబ్ ఉంది, తాళం సైన్సు మాస్టారి దగ్గరుంటుంది. నా పిల్లలు వెళ్తే "రంగులు పూసేవాళ్ళకి ఇక్కడేం పని" అంటారు. ఏం చెయ్యమంటారు?
– ఊరి పేరు వద్దన్నారు

జవాబు: అటల్ టింకరింగ్ ల్యాబులు 2016లో మొదలయ్యాయి. ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లల కోసం, బడికి 20 లక్షల దాకా ఇచ్చి పెట్టించినవి. రంగులు పూసేవాళ్ళని రానివ్వద్దని ఎక్కడా లేదు. కానీ మాస్టారూ, ఈ కాగితాలు పట్టుకుని హెడ్‌మాస్టారి దగ్గరికి వెళ్తే తాళం వస్తుంది, మనిషి రాడు. ఆయన్ని ఒక ఆదివారం ఏటికొప్పాక తీసుకెళ్ళండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున లక్కబొమ్మల ఊరు. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క బద్ద ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఆయన ఏటా బోర్డు మీద చెప్పే ఘర్షణ పాఠం అక్కడ బొంగరమై చేతికొస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడగండి: పిడి తిప్పితే పిట్ట రెక్కలాడించే కర్రబొమ్మ చేద్దామా అని. లోపల తిరిగే చక్రం గుండ్రంగా ఉండి, ఇరుసు నడిమధ్య కాకుండా కాస్త పక్కకి ఉంటే పిట్ట మెల్లగా లేచి దిగుతుంది, నత్తగుల్ల ఆకారంలో ఉంటే మెల్లగా లేచి టప్పున పడుతుంది. ఆ ఆకారం గీయడం మీ పిల్లల పని, కోయడం వాళ్ళ పని. బాగా వస్తే బడిపిల్లల కొత్త ఆలోచనలకి పెట్టిన ఇన్‌స్పైర్ మానక్ పథకానికి పంపండి. బడి నుంచి ఐదు ఆలోచనల దాకా పంపొచ్చు, ఎంపికైనవాళ్ళకి 10,000 రూపాయలు ఇస్తారు.

ప్రశ్న: మావాడు బాల్కనీలో పెట్టిన చేప ఆకారపు లైటు నెలకే ఆరిపోయింది. తీగలు పీకి చూస్తే కొసలు ఆకుపచ్చగా ఉన్నాయి. నాసిరకం సరుకు అంటగట్టారా?
– లాసన్స్ బే కాలనీ

జవాబు: కొట్టువాణ్ణి తిట్టకండి, సముద్రాన్ని తిట్టండి. ఉప్పుగాలికి రాగి అలా చిలుమెక్కుతుంది. బ్రెడ్‌బోర్డులో, అంటే అతకకుండా తీగలు గుచ్చే చిల్లుల పలకలో, గుచ్చి వదిలేసిన తీగలైతే మరీ త్వరగా. ఇంట్లో ప్రయోగాలకి అది చాలు. బయట పెట్టేదానికి మాత్రం ప్రతి అతుకూ సోల్డరింగ్ చేసి, చల్లారాక పైన గోళ్ళరంగు రెండు పూతలు వేయమనండి. రంగు లేనిదే కొనండి. మా దగ్గర ఒకడు వాళ్ళక్కది ఎర్రది ఎత్తుకొచ్చి బోర్డంతా పూసేశాడు. ఏ తీగ ఎక్కడికి పోయిందో వాడికే తెలియక మొత్తం మళ్ళీ చేశాడు. వాళ్ళక్కకి కొత్త సీసా నేను కొనిచ్చాను.